అడ్వాన్స్ డబ్బులూ, ఎగ్జిబిట్ పి-3

శ్రోతలకు నమస్కారం. బెంగళూరులో అద్దెకుండేవాళ్లకు అడ్వాన్స్ సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఖాళీ చేశాక అది తిరిగి రాకపోతే సివిల్ కోర్టే గతి. అక్కడ మన కాగితాలు ఎగ్జిబిట్లుగా మార్క్ కావాలి, అంటే కోర్టు నంబరు వేసి సాక్ష్యంగా తీసుకోవాలి. ఈ పూట ఒక్క ఎగ్జిబిట్ గురించే మాట్లాడుకుందాం.

మారతహళ్లిలో ఒక ఇల్లనుకోండి. చిత్తూరు కుర్రాడు 3 లక్షలు అడ్వాన్స్ ఇచ్చాడు. ఖాళీ చేశాడు. "వచ్చే నెల ఇస్తా" అని ఓనరు వాట్సాప్‌లో పెట్టాడు. మళ్లీ అడిగితే మళ్లీ వచ్చే నెలే. చివరికి దావా వేశాడు. అగ్రిమెంటు, బ్యాంకు సర్టిఫై చేసిన స్టేట్‌మెంటు, మెసేజ్ స్క్రీన్‌షాట్ ప్రింటు, అన్నిటికీ లిస్టు రాసి దావాతోపాటే పెట్టాడు. మంచి పని చేశాడు. అప్పుడు పెట్టనివి తర్వాత పెట్టాలంటే కోర్టు అనుమతి అడగాలి.

సాక్ష్యం రోజు వచ్చింది. అగ్రిమెంటు పి-1, స్టేట్‌మెంటు పి-2. (చిత్తూరు కోర్టులో అయితే వాది కాగితాలు ఏ-1, ఏ-2 అయ్యేవి. ఇక్కడ వాదివి పి, ప్రతివాదివి డి.) స్క్రీన్‌షాట్ దగ్గరికి రాగానే అవతలి లాయరు లేచాడు. "సర్టిఫికెట్ ఏది?"

న్యాయమైన ప్రశ్నే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ఫోను, కంప్యూటరు లాంటి వాటినుంచి తీసిన ప్రింట్లకు ఈ సర్టిఫికెట్ అడుగుతుంది. అందులో రెండు భాగాలు. మొదటిదైన 'ఏ' (A) భాగాన్ని, ఫోను మనది కాబట్టి మనం నింపాలి: మోడల్, ఐఎంఈఐ నంబరు (ఫోను గుర్తింపు సంఖ్య) వగైరా. 'బి' (B) భాగం నిపుణుడు నింపాలి. రెండింట్లోనూ హాష్ విలువ రాయాలి. అది ఫైలు వేలిముద్ర లాంటిది, ఒక్క అక్షరం మారినా మారిపోతుంది. ఆ నిపుణుడు ఎవరన్నది లాయరుతో ముందే మాట్లాడుకోండి, వాయిదా రోజు వెతికితే దొరకడు.

అసలు ఫోనే తెచ్చి, దాని యజమాని బోనెక్కి చెబితే సర్టిఫికెట్ అక్కర్లేదని, పాత చట్టం ఉన్నప్పుడు, 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోట్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ ఈ రోజుల్లో ఫోను కోర్టుకు అప్పగించి ఎవరుండగలరు చెప్పండి!

మన కుర్రాడికి జడ్జిగారు టైమిచ్చారనుకుందాం. సర్టిఫికెట్ వచ్చాక ఆ ప్రింటు పి-3 అవుతుంది. అయితే సర్టిఫికెట్ రావాలంటే ఫోను ఉండాలి, ఫోనులో చాట్ ఉండాలి. పండగకి ఎక్స్ఛేంజ్ ఆఫర్లు వస్తాయి. కొత్త ఫోను కొనుక్కోండి, కాదనను. పాతది మాత్రం కేసు తేలేదాకా ఇవ్వకండి, రీసెట్ చేయకండి. స్క్రీన్‌షాట్ ఉందిగా అని చాట్ చెరిపేయకండి.