బట్ నంబర్

అందరికీ నమస్కారం. పెద్దలకి, పిల్లలకి, వంటలు చేసుకొచ్చిన ఆడవాళ్లకి, మైకు సరిచేసిన తమ్ముడికి... సరే, పది నిమిషాలే ఇచ్చారు, వెనకాల పులిహోర వాసన వస్తోంది, తొందరగా కానిచ్చేస్తా. హాబీల గురించి మాట్లాడమన్నారు. నా హాబీ పాత మిలిటరీ తుపాకులు. భయపడకండి, తుపాకీ తేలేదు, బోల్ట్ ఒక్కటే తెచ్చా, అంటే తూటాని లోపలికి తోసి వెనకనుంచి మూసిపెట్టే కడ్డీ, విడిగా ఉంటే ఉత్త ఇనప ముక్క. అటు పంపిస్తున్నా, చూసి పక్కవాళ్లకివ్వండి.

ఇది మన త్రీ నాట్ త్రీ రైఫిల్‌ది, అసలు పేరు లీ ఎన్‌ఫీల్డ్. బెంగాల్లో ఇషాపూర్ ఫ్యాక్టరీ, బాడీ మీద కిరీటం, కింద జార్జ్ రాజుగారి గుర్తు జీఆర్ఐ, 1942. ఇండియాలో మామూలు మనిషికి ఈ బోర్‌కి లైసెన్స్ ఇవ్వరు, ఇక్కడ టెక్సాస్‌లో మాత్రం తుపాకీకి యాభై ఏళ్లు దాటితే క్యూరియో, అంటే పాతకాలపు వస్తువు అని కొనుక్కోవచ్చు. నాదాంట్లో బాడీ 1942ది, బారెల్ యాభైల్లోది, మూతి దగ్గర తొడుగు ఆస్ట్రేలియాలో లిత్‌గో ఫ్యాక్టరీది. అతుకుల బొంత అనుకోండి. కలెక్టర్లు ఇలాంటివి చూస్తే మొహం తిప్పేసుకుంటారు, అన్నిటి మీదా ఒకే నంబర్ ఉంటేనే రేటు.

ఎందుకిలా అయిందంటే ఆర్మీకి నంబర్లతో పనేంటండీ, పాడైంది తీసేసి ఉన్నది పెడతారు. రష్యా వాళ్లయితే యుద్ధంలో పట్టుకున్న జర్మన్ మౌజర్లన్నీ విప్పి, శుభ్రం చేసి, చేతికొచ్చిన ముక్కతో మళ్లీ బిగించేశారు, ఏ బోల్ట్ ఏ రైఫిల్‌దో చూసుకోలేదు. దాన్ని తప్పనను. బోల్ట్ ఒక్కదాన్ని మాత్రం జాగ్రత్తగా చూడాలి, లీ ఎన్‌ఫీల్డ్‌లో బోల్ట్‌ని ఆ బాడీకే సరిచేసి బిగిస్తారు కాబట్టి వేరేది పెడితే గేజ్ పెట్టి చెక్ చేయించకుండా కాల్చకూడదు. రేటు సంగతి తర్వాత, ముందు మీ మొహం మీకు దక్కాలి కదా!

నాకు ఒళ్లు మండేది ఇంకొకటి. ఒక గన్ షోలో ఒకాయన, పేరొద్దులెండి, ఇదే రైఫిల్ నాకు ఆల్ మ్యాచింగ్ అని అమ్మాడు. ఇంటికొచ్చి బోల్ట్ హ్యాండిల్ వెనకాల లెన్స్ పెట్టి చూస్తే పాత నంబర్ అరగదీసి కొత్తది కొట్టారు, ఆ చోట ఇనుము కొంచెం గుంటగా, తెల్లగా ఉంది. బోల్ట్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో వాళ్లు వేలితో తడమండి, తెలుస్తుంది. వర్క్‌షాప్ వాళ్లు నంబర్ మారిస్తే చాలాసార్లు పాతదాని మీద ఒక గీత కొట్టి పక్కన కొత్తది వేస్తారు, అది రిపేరు, పాత నంబర్ కూడా చదువుకోవచ్చు. ఇది మోసం. ఆర్నెల్లు అదే బాధ నాకు, మా ఆవిడనడగండి, అన్నం తింటూ కూడా అదే గోల.

ఇప్పుడు అసలు సంగతి. రేట్లెలా కట్టాలో మూడు పాయింట్లు రాసుకొచ్చా గానీ వదిలేస్తున్నా.

మా తాత గుంటూర్లో ఏఆర్, అంటే ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసు కానిస్టేబుల్. చిన్నప్పుడు నేను తాతా నీ తుపాకీ ఏ ఫ్యాక్టరీది, నంబరెంత అనడిగితే ఆయన, "ఏమోరా, బట్ నంబర్ రెండొందల పదిహేడు" అనేవాడు. అంతే. రోజూ బెల్ ఆఫ్ ఆర్మ్స్, అదే పోలీసు తుపాకులు దాచే గది, దాని దగ్గర ఆ నంబర్ చెప్పి తీసుకోవడం, అదే నంబర్‌తో అప్పజెప్పడం. బట్, అంటే భుజానికి ఆనించే వెనక కొయ్య, దాని మీద పెయింట్‌తో రాసిన అంకె అది. బోల్ట్ మీద ఏముందో ఆయనకి తెలీదు, తెలియాల్సిన పనీ లేదు.

నేను కొన్నప్పుడు ఈ రైఫిల్ కొయ్య మీద కూడా తెల్ల పెయింట్ ఉందండీ. మురికిగా, సగం రాలిపోయి, ఒక ఏడు లాంటిది, పక్కన ఇంకేదో. కొన్న మొదటి వారమే పెయింట్ రిమూవర్ పూసి, గీకి, అవిసె నూనె పట్టించా, అద్దంలా మెరిసింది. ఫోటో కూడా పెట్టుకున్నా. అది బట్ నంబరని నాకు తట్టింది బోల్ట్ గొడవంతా అయిపోయాక, ఒక రాత్రి. గీకకముందు ఒక్క ఫోటో తీయలేదు.

మీ ఇళ్లల్లో పోలీసులో, ఆర్మీలో చేసినవాళ్లుంటే ఇవాళే ఫోన్ చేసి బట్ నంబర్ అడగండి, చెప్తారు చూడండి. మా తాతని అడగడానికి నాకు ఇంకా చాలా ఉన్నాయి, ఆయన లేడు.

సరే, చెయ్యూపుతున్నారు, ఆపేస్తా. బోల్ట్ ఎవరి దగ్గరుందండీ? కొంచెం ఇటు పంపండి.