నురగ పొంగితే పుండు శుభ్రమైనట్టేనా?

(స్టూడియో చర్చకు అక్షర రూపం. పాల్గొన్నవారు: అత్యవసర విభాగంలో పనిచేసే వైద్యురాలు, డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకుడు, చాలాకాలంగా మందుల దుకాణం నడుపుతున్న ఫార్మసిస్టు)

వ్యాఖ్యాత: నమస్కారం. చిన్నప్పుడు మోకాలు చెక్కుకుపోతే మా అమ్మ దూది తడిపి ఒక మందు అద్దేది. చుర్రుమనేది, తెల్లగా నురగ పొంగేది. ‘చూశావా, పురుగులన్నీ ఎలా చస్తున్నాయో’ అనేది. ఆ మందే హైడ్రోజన్ పెరాక్సైడ్. డాక్టరుగారూ, మా అమ్మ మాట నిజమేనా?

వైద్యురాలు: సగం నిజం. సూక్ష్మక్రిములు కొన్ని చచ్చే మాట వాస్తవం. కానీ మీరు చూసిన నురగ వాటిది కాదు, మీ రక్తానిది.

అధ్యాపకుడు: దీన్ని చెప్పడం కన్నా చూపించడం తేలిక. మీ క్యాంటీన్‌లో ఒక బంగాళాదుంప అడిగి తెచ్చుకున్నాను. సగానికి కోస్తున్నాను. (గాజు పళ్లెంలో ఒక సగాన్ని కోసిన వైపు పైకి ఉండేలా, మరో సగాన్ని బోర్లించి పెట్టి, రెండింటి మీదా మందు పోస్తారు.)

వ్యాఖ్యాత: ఏమీ లేదే... ఆగండి, అంచుల దగ్గర ఆవగింజలకన్నా సన్నగా బుడగలు లేస్తున్నాయి. ఇప్పుడు పాలు పొంగినట్టు తెల్లగా కమ్ముకుంది. బోర్లించిన సగం మీద మాత్రం మందు తొక్క మీదుగా జారిపోయింది, అంతే.

అధ్యాపకుడు: గమనించాల్సింది అదే. కోసిన చోట దుంప కణాలు పగిలాయి. వాటిలో కేటలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పెరాక్సైడ్ తగలగానే అది దాన్ని నీరుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నురగలో ఉన్నది ఆ ఆక్సిజనే. మన రక్తంలోనూ, చర్మం కింది కణాల్లోనూ అదే ఎంజైమ్ ఉంది. అందుకే గాయం మీద పొంగుతుంది, మంచి చర్మం మీద పొంగదు. ఇప్పుడు చెప్పండి, ఈ దుంపలో ఏ పురుగులు చచ్చాయి?

వైద్యురాలు: ఇంకో సంగతి. పుండు పూడాలంటే కొత్త చర్మాన్ని అల్లే కణాలు అక్కడికి చేరాలి. ఈ మందుకు క్రిమి ఏదో, మన కణం ఏదో తెలియదు, రెండింటినీ కాలుస్తుంది. రోజూ పోస్తూ ఉంటే మానే పుండు కూడా ఆలస్యంగా మానుతుంది. అందుకే మామూలు దెబ్బలకు దీన్ని ఇప్పుడు మేం చెప్పడం లేదు. కుళాయి కింద ధారగా మంచినీళ్లు, చుట్టూ సబ్బు, పైన శుభ్రమైన కట్టు చాలు. మేకు గుచ్చుకుంటే టీటీ ఇంజెక్షన్ సంగతి చూసుకోవాలి. లోతైన గాయంలోకి సిరంజితో పెరాక్సైడ్ కొట్టడం మాత్రం ప్రమాదం. బయటికి దారి లేని ఆక్సిజన్ రక్తనాళంలోకి దూరిందంటే ప్రాణం మీదికి వస్తుంది.

ఫార్మసిస్టు: అయినా అడిగేవాళ్లు తగ్గలేదండీ. పేరు కూడా చెప్పరు. ‘ఆ నురగ మందు ఇవ్వండి, నాన్నగారి కాలి పుండు కడగాలి’ అంటారు. షుగరు ఉందా అని అడిగితే ఉందంటారు.

వైద్యురాలు: అలాంటివాళ్లను దయచేసి మా దగ్గరికి పంపండి. షుగరు ఉన్నవారి కాలి పుండుకు ఇంట్లో నురగ వైద్యం చేస్తూ రెండు వారాలు గడిపి వస్తారు. అప్పటికి పైన తెల్లగా, లోపల చీముగా ఉంటుంది.

వ్యాఖ్యాత: మీరు తెచ్చిన సీసా ఒకసారి చూపిస్తారా?

ఫార్మసిస్టు: ఇదిగోండి. గోధుమరంగు సీసా. వెలుతురు తగిలితే మందు చెడుతుంది, అందుకే ఆ రంగు. మీద ‘ఐపీ’ అని, అంటే ఇండియన్ ఫార్మకోపియా అనే మన దేశపు ఔషధ ప్రమాణాల ప్రకారం తయారైందని, 6 శాతం అని, పక్కన 20 వాల్యూమ్స్ అని ఉంది. ఆ 20 చూసి ఇరవై శాతం అనుకుని కంగారుపడేవాళ్లు కొందరు. అసలు అంకెలే చూడనివాళ్లు చాలామంది. విదేశీ వీడియోల్లో ‘ఇంత పోయండి, అంత పోయండి’ అని చెప్పేది సాధారణంగా 3 శాతం సరుకు గురించి. మన దగ్గర మామూలుగా ఇచ్చేది దానికి రెట్టింపు. సమానంగా నీళ్లు కలిపితేనే వాళ్లు చెప్పిన లెక్కకు వస్తుంది.

అధ్యాపకుడు: వాల్యూమ్ లెక్క చాలా సూటైనది. ఒక మిల్లీలీటరు మందు పూర్తిగా విడిపోతే 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని అర్థం. 3 శాతమైతే 10 వాల్యూమ్స్. బ్యూటీ పార్లర్లలో జుట్టు రంగుతో కలిపే డెవలపర్ 40 దాకా ఉంటుంది, అంటే 12 శాతం. మా ప్రయోగశాలలోది 30 శాతం. ఒకసారి చేతి తొడుగుకు చిల్లు పడిన సంగతి చూసుకోలేదు. వేలికొన సున్నంలో ముంచినట్టు పాలిపోయింది. చాలాసేపు సూదులు గుచ్చినట్టే ఉంది. సీసా ఏదైనా నీళ్లలాగే కనిపిస్తుంది, వచ్చిన చిక్కల్లా అదే.

వ్యాఖ్యాత: సరే, భయపెట్టింది చాలు. ఇంట్లో ఇది పనికొచ్చే చోటే లేదా?

ఫార్మసిస్టు: ఎందుకు లేదు! రక్తపు మరకకు దీన్ని మించింది నేను చూడలేదు. తెల్లని దిండు గలేబు మీద రక్తం పడిందనుకోండి. ముందు చన్నీళ్లలో జాడించాలి. వేడినీళ్లు పోశారా, మరక బట్టలోకి ఇంకిపోతుంది. తర్వాత నీళ్లు కలిపిన మందు మరక మీద పోసి, నురగ తగ్గాక జాడించి, అవసరమైతే మళ్లీ పోయాలి. రంగు బట్టయితే లోపలి కుట్టు దగ్గర ఒక్క చుక్క వేసి చూడాలి, రంగు వెలిసే అవకాశం ఉంది. పట్టుచీర మీద మాత్రం ప్రయోగాలు వద్దు.

వైద్యురాలు: కూరగాయలు, మాంసం కోసే పలకకు కూడా వాడవచ్చు. సబ్బుతో తోమాక 3 శాతం ద్రావణం పోసి, కొన్ని నిమిషాలు అలాగే ఉంచి, కడిగేయాలి. తోమకుండా పోస్తే అక్కడున్న మాంసపు నీచుకే మందంతా ఖర్చయిపోతుంది.

వ్యాఖ్యాత: పూజ సామాను?

అధ్యాపకుడు: ఇత్తడి, రాగి, ఇనుము జోలికి తీసుకెళ్లవద్దు. ఆ లోహాలే మందును విడగొట్టేస్తాయి, పాత్ర కూడా రంగు మారుతుంది. ఇత్తడికి చింతపండును మించిందేముంది? ఇంకొకటి, వెనిగర్‌తో కలిపి ఒకే సీసాలో పోయకండి. పెరసెటిక్ ఆమ్లం పుడుతుంది, కళ్లూ గొంతూ మండిపోతాయి. బాత్రూముల్లో వాడే బ్లీచ్‌తో అసలు కలపకండి.

వ్యాఖ్యాత: ఖమ్మం నుంచి ఒక ప్రేక్షకురాలు ఫోనులో ఉన్నారు. చెప్పండమ్మా.

ప్రేక్షకురాలు: నమస్కారం డాక్టరుగారూ. మా మామగారికి వాట్సాప్‌లో ఒక వీడియో వచ్చింది. ‘ఫుడ్ గ్రేడ్’ పెరాక్సైడ్ రోజూ గ్లాసు నీళ్లలో కొన్ని చుక్కలు వేసుకుంటే ఒంట్లో ఆక్సిజన్ పెరుగుతుందట, క్యాన్సర్ కూడా తగ్గుతుందట. తెప్పించమంటున్నారు. ఫుడ్ అని ఉంది కదా అంటున్నారు.

వైద్యురాలు: తెప్పించకండమ్మా. ఆ పేరుతో అమ్మేది ఎక్కువగా 35 శాతం సరుకు. ఆహార పరిశ్రమలో అట్టపెట్టెల్లాంటి వాటిని శుద్ధి చేయడానికి వాడతారు, తాగడానికి కాదు. పొరపాటున అది ఒక చెంచాడు నేరుగా లోపలికి వెళితే కడుపులో అర లీటరుకు పైగా వాయువు పుడుతుంది. గొంతు, అన్నవాహిక కాలిపోతాయి. ఆ బుడగలు మెదడు రక్తనాళాల్లో అడ్డుపడితే పక్షవాతం రావచ్చు. దీన్ని వైద్యానికి వాడవద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లోనే హెచ్చరించింది. కోవిడ్ రోజుల్లో కొందరు నెబ్యులైజర్‌లో పోసి పీల్చారు కూడా. ఆక్సిజన్ తీసుకోవడానికి మామగారికి ఊపిరితిత్తులు ఉన్నాయని చెప్పండి.

అధ్యాపకుడు: ఈ భ్రమకు పేరు కూడా కొంత కారణం. 1818లో దీన్ని కనిపెట్టిన ఫ్రెంచి శాస్త్రవేత్త తెనార్... తెనాలి కాదండీ, తెనార్... దీన్ని ఆక్సిజన్ కలిసిన నీరు అనుకున్నాడు. ఫ్రెంచిలో ఇప్పటికీ అలాగే పిలుస్తారు. వినడానికి మంచినీళ్లలా ఉంటుంది మరి.

వ్యాఖ్యాత: పాలలో కూడా కలుపుతారని వింటుంటాం.

అధ్యాపకుడు: విరగకుండా నిలవ ఉండాలని కలుపుతారు. మన దేశంలో అది కల్తీ కిందికే వస్తుంది.

వ్యాఖ్యాత: చెవిలో గులిమికి?

వైద్యురాలు: మెత్తబరచడానికి చుక్కలు ఉన్నాయి. కానీ కర్ణభేరికి రంధ్రం ఉందో లేదో మీకెలా తెలుస్తుంది? చూపించుకుని వేసుకోండి.

ఫార్మసిస్టు: నాదొక ఫిర్యాదు ఉంది. మొన్న ఒకాయన ఖాళీ నీళ్ల సీసా తెచ్చి, సగం సీసా మందు ఇందులో పోయమన్నాడు. మిగతా సగం వాళ్ల తమ్ముడికట. పోయనన్నాను. గొడవపెట్టుకుని వెళ్లిపోయాడు.

వైద్యురాలు: మంచిపని చేశారు. నీళ్ల సీసాలో పోస్తారు, ఎవరో ఫ్రిజ్‌లో పెడతారు, ఎండన పడి వచ్చిన పిల్లవాడు ఎత్తి తాగుతాడు. 3 శాతందైతే వాంతి, కడుపు ఉబ్బరంతో సరిపోవచ్చు. గాఢమైనదైతే అంతటితో ఆగదు. ఏదైనా సరే, నోరు పుక్కిలించి ఉమ్మించండి. వేలు పెట్టి వాంతి చేయించకండి. వెంటనే 108కి ఫోను చేయండి, సీసా వెంట తీసుకురండి. ఎంత శాతమో దాని మీదే కదా ఉండేది!

వ్యాఖ్యాత: మా ఇంట్లోనూ ఒక సీసా ఉంది. ఎప్పుడు కొన్నామో గుర్తులేదు. పారేయాలా?

ఫార్మసిస్టు: గడువు తేదీ చూడండి. మూత తీసి నెలలు గడిస్తే తేదీ ఉన్నా బలం తగ్గిపోతుంది.

అధ్యాపకుడు: ఇంటికి వెళ్లి దుంప కోసి నాలుగు చుక్కలు వేయండి. పొంగకపోతే మీ సీసాలో ఉన్నవి దాదాపు నీళ్లే.

వ్యాఖ్యాత: పొంగితే?

అధ్యాపకుడు: పొంగితే మూత బిగించి, పిల్లలకు అందని పై అరలో పెట్టండి. ఆ దుంపను మాత్రం కూరలో వేయకండి.