జోయీ డన్లప్‌ని జనం 'మనోడు' అని ఎందుకంటారు?

హాయ్ అండీ. మామూలు రోడ్ల మీద బైకుల రేసు, అదే రోడ్ రేసింగ్, అందులో పేరు మోసిన జోయీ డన్లప్ మీద మొన్న చిన్న క్లిప్ పెడితే కింద అంతా ఒకటే గోల, అంత స్పీడెందుకు, చచ్చిపోయాడుగా అని ఒకరు, మన ఓఆర్ఆర్ మీద కుర్రాళ్ళు చేసేదీ ఇదేగా అని ఇంకొకరు. కాదండీ బాబూ, ఒళ్ళు మండింది, అందుకే ఈ వీడియో.

ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు ముందు సీట్లో ఎప్పుడైనా కూర్చున్నారా? మనకి గుండె జారిపోతుంటుంది, ఇరవై ఏళ్ళుగా అదే రూట్ కొట్టే డ్రైవర్ మాత్రం తాపీగా పోతుంటాడు, ఏ మలుపులో గేర్ దించాలో, ఏ చెట్టు కింద తడి మధ్యాహ్నం దాకా ఆరదో ఆయన చేతులకి తెలుసు. జోయీ ఆ డ్రైవర్ టైపు. రూట్ మాత్రం బ్రిటన్‌కీ ఐర్లాండ్‌కీ మధ్య ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ అనే దీవిలో, ఒక్క ల్యాప్ 60 కిలోమీటర్ల పైనే, 200కి పైగా మలుపులు, పక్కనే రాతిగోడలు, ఇళ్ళ గుమ్మాలు, స్తంభాలు. రేసు టైంలో రోడ్డు పూర్తిగా మూసేస్తారు, అందుకే ఓఆర్ఆర్‌తో పోల్చొద్దంటున్నా. పైగా టీటీలో, అంటే ఆ రూట్ మీద జరిగే టూరిస్ట్ ట్రోఫీ బైకు రేసుల్లో, అందరూ ఒక్కసారి ఎగబడరు, డిపోలోంచి బస్సులు వదిలినట్టు పది సెకన్లకొకర్ని వదుల్తారు, పోటీ గడియారంతో. రూట్ తలకెక్కనోడికి ఎంత దమ్మున్నా అక్కడ పని జరగదు.

మనోడికి ఎక్కింది. టీటీలో 1977లో మొదటి గెలుపు, మొత్తం 26. చివరి మూడూ 2000లో, ఒకే వారంలో, 48 ఏళ్ళ వయసులో! ఆ ఏడాదే అక్కడ తన బెస్ట్ ల్యాప్ కూడా కొట్టాడు, సగటున గంటకి 199 కిలోమీటర్లు. నాకు ఇప్పుడే నడుం పట్టేస్తోంది, సరే అది వదిలేయండి.

మళ్ళీ మన డ్రైవర్ దగ్గరికొద్దాం. బస్సు ఆగిపోతే మెకానిక్ కోసం చూడకుండా తనే కిందకి దూరే రకం ఉంటాడే, జోయీ అంతే, తన బైకులు తనే విప్పేవాడు. ఉత్తర ఐర్లాండ్‌లో బాలీమనీ అనే చిన్న ఊళ్ళో బార్ నడుపుకునేవాడు. చలికాలంలో ఏమో వ్యాన్ నిండా బట్టలూ తిండీ వేసుకుని రొమేనియా, బోస్నియా, అల్బేనియాల్లో అనాథ పిల్లల దగ్గరికి తనే నడుపుకుంటూ వెళ్ళేవాడు, 1996లో బ్రిటిష్ ప్రభుత్వం ఓబీఈ అనే పురస్కారం ఇచ్చింది రేసులకి కాదు, దీనికి. అక్కడి యాసలో ఆయన ముద్దుపేరు 'యర్ మాన్', అంటే అచ్చంగా మన 'మనోడు' అన్నట్టే. ఇంతకన్నా మంచి తర్జుమా నాకు దొరకలేదు.

టైం అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. 2000 జులై 2, ఎస్టోనియాలో టాలిన్. అదే రోజు రెండు పెద్ద రేసులు గెలిచేశాడు, మూడోది 125 సీసీ, వాన, తడి రోడ్డు, పక్కన చెట్లు. లీడ్‌లో ఉండగా బైక్ జారి చెట్లలోకి పోయింది, అక్కడికక్కడే పోయాడు. 125 అంటే అక్కడున్న వాటిలో చిన్న బైక్ అండీ, కాబట్టి స్పీడ్ పిచ్చి అనే మాట దయచేసి అనకండి.

అంత్యక్రియలకి దాదాపు 50 వేల మంది వచ్చారు. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఏళ్ళ తరబడి చంపుకున్న నేల అది, ఆ రోజు మాత్రం రెండు వైపుల వాళ్ళూ ఒకే దారిలో నడిచారు. ఐల్ ఆఫ్ మ్యాన్ కొండ మీద బంగళా అనే చోట విగ్రహం పెట్టారు, హోండా మీద కూర్చుని రోడ్డు వైపే చూస్తుంటాడు. ఆ 26 గెలుపుల రికార్డుని 2024లో దాటిందెవరో తెలుసా, తమ్ముడి కొడుకు మైకేల్. ఆ తమ్ముడు రాబర్ట్ కూడా 2008లో రేస్ ట్రాక్ మీదే పోయాడు. అది చెప్పాలంటే ఇంకో వీడియో కావాలి, 1985లో జోయీ టీటీకి పోతుంటే పడవ మునిగిన కథ కూడా అందులోనే చెప్తా. ఉంటా మరి.