యెకొన్యా పేరు ఆ వరుసలో ఎందుకుంది?

ప్రియమైన సహోదరీ సహోదరులారా,

మత్తయి సువార్త తెరిచి, యేసు వంశావళి ఉన్న మొదటి 17 వచనాలు దాటేసి, యేసు పుట్టుక దగ్గర చదవడం మొదలుపెట్టేవాళ్లు చాలామంది. దయచేసి అలా దాటేయకండి.

పక్కన మొదటి దినవృత్తాంతములు 3వ అధ్యాయం పెట్టుకుని పేరుకు పేరు పోల్చి చూడండి. యెహోరాము దగ్గర లెక్క తప్పుతుంది. అక్కడున్న అహజ్యా, యోవాషు, అమజ్యా మత్తయిలో లేరు. తర్వాతి పేరు ఉజ్జియా. (దినవృత్తాంతములలో అతనే అజర్యా.) కంగారు పడక్కర్లేదు, మధ్య తరాలు వదిలి వంశావళి రాయడం యూదుల్లో ఉన్నదే. మత్తయి పద్నాలుగేసి తరాలుగా మూడు భాగాలు కట్టాడు. హెబ్రీ అక్షరాల విలువ కూడితే దావీదు పేరు 4, 6, 4, అంటే 14. కారణం అదేనని చాలామంది వ్యాఖ్యాతల అభిప్రాయం. మూడో భాగంలో మాత్రం, బబులోనుకు చెరగా వెళ్లిన యూదా రాజు యెకొన్యాను మళ్లీ లెక్కపెడితేనే 14 వస్తుంది.

ఆ జనానికి వంశం ఎంత ముఖ్యమో ఎజ్రా 2:62 చెబుతుంది. వంశావళి పుస్తకంలో పేర్లు దొరకనివారిని యాజకత్వం నుంచి తొలగించారు. అలాంటి జనం ముందు మత్తయి శారాను, రిబ్కాను పక్కనపెట్టి తామారును, యెరికో వేశ్య రాహాబును, రూతును, ఊరియా భార్యను నిలబెట్టాడు. మోయాబీయులు పదవ తరం వరకు యెహోవా సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23:3 ఆజ్ఞ. రూతు మోయాబీయురాలు, దావీదు ఆమె మునిమనవడు! బాప్తిస్మం తీసుకున్నాక కూడా పెళ్లి సంబంధం వస్తే ముందుగా కులం ఆరా తీసే మన ఇళ్లలో ఈ నాలుగు పేర్లూ గట్టిగా చదవాలి.

ఇక యెకొన్యా. నువ్వు నా కుడిచేతి ముద్ర ఉంగరమైనా ఊడబెరికేస్తానని యిర్మీయా 22లో దేవుడు అతనితో అన్నాడు. అతని సంతానంలో ఎవడూ దావీదు సింహాసనం మీద కూర్చోడని కూడా తీర్పిచ్చాడు. వంశాన్ని గొప్పగా చూపించుకోవాలనుకునేవాడు మొదట కొట్టేసే పేరు ఇదే. మత్తయి ఉంచాడు. బబులోను చెర తర్వాత హగ్గయి 2:23 చూడండి: యెకొన్యా మనవడు జెరుబ్బాబెలుతో అదే దేవుడు, నిన్ను ముద్ర ఉంగరంగా చేస్తానంటున్నాడు. పీకేసిన ఉంగరం మాటే మళ్లీ వాడాడు. తీర్పు నిజమే, దావీదుకిచ్చిన మాట కూడా నిజమే. వంశావళి మోసుకొచ్చింది ఆ మాటనే, రక్తశుద్ధిని కాదు.

అందుకే 16వ వచనం దగ్గర నెమ్మదించండి. అప్పటిదాకా తండ్రి కొడుకును కన్నాడంటూ సాగిన వరుస అక్కడ మారుతుంది: యోసేపు మరియ భర్త, ఆమెయందు యేసు పుట్టాడు. దూత అతన్ని "దావీదు కుమారుడవైన యోసేపూ" అని పిలిచాడు. 25వ వచనంలో ఆ బిడ్డకు పేరు పెట్టింది యోసేపే. ఆ పేరు పెట్టడంతోనే తాను కనని బిడ్డను దావీదు వంశంలో తన కొడుకుగా చేర్చుకున్నాడు.