రిపోర్టులో సిస్ట్ అని ఉంటే పొలం బేరం పెట్టకండి

సభకు నమస్కారం. నల్లగొండ పెన్షనర్లు షుగర్, బీపీల గురించి చెప్పమన్నారు. వాటిని ఇంకోరోజు చెప్తాను. ఇవాళ పాంక్రియాస్‌లో, అంటే జీర్ణాశయం వెనక ఉండే క్లోమంలో వచ్చే నీటితిత్తుల గురించి చెప్పక తప్పదు. రిపోర్టులో సిస్ట్ అని రాసేది వీటినే.

దేవరకొండ దిక్కు నుంచి ఒక రైతు వచ్చిండు. గ్యాస్ నొప్పికని స్కానింగ్ తీయిస్తే సిస్ట్ కనపడింది. రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఎక్కడో "ఆపరేషన్ చేయకుంటే క్యాన్సరే" అన్నారట. నా దగ్గరికి వచ్చేసరికి కొడుకు ఎకరం చెలక అమ్మకానికి పెట్టి అడ్వాన్సు కూడా తీసుకున్నడు. "సార్, భూమి పోతే పోనీయ్, నాయిన బతకాలె" అన్నడు. ఎమ్మారై చూస్తే పాంక్రియాస్ రసం పారే ప్రధాన నాళం సన్నగానే ఉంది, తిత్తి లోపల కండలాంటి గడ్డ లేదు. కోత అవసరమే లేదు! ఆ అడ్వాన్సు తిరిగి ఇయ్యడానికి వాళ్లు పడ్డ తిప్పలు తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపమొస్తది.

ఎందుకంటే ఇది చిన్న ఆపరేషన్ కాదు. పాంక్రియాస్ కుడివైపు లావుపాటి కొసను తల అంటాం. తిత్తి ఆ తల భాగంలో ఉంటే పాంక్రియాస్ తలతో పాటు చిన్నపేగు మొదటి భాగం, పిత్తాశయం, పిత్తనాళంలో కొంత తీసేసి మళ్లీ అన్నీ అతకాలి. అనుభవమున్న పెద్ద ఆసుపత్రుల్లో కూడా నూటికి ఒకరిద్దరు, ముగ్గురు బతకరు. బతికినవాళ్లలో కొందరికి షుగర్ వస్తుంది.

మరి ఎప్పుడు చేయాలి? తల భాగంలో తిత్తి ఉండి కామెర్లు వస్తే, లోపలి కండ 5 మిల్లీమీటర్లు దాటి స్కానింగులో నరానికి ఎక్కించే కాంట్రాస్ట్ మందును పట్టుకుంటే, ప్రధాన నాళం 10 మిల్లీమీటర్లకు ఉబ్బితే, మనిషి తట్టుకోగలిగితే ఆలస్యం వద్దు. అమ్మా, కళ్లు పచ్చబడితే పసరు మందు పోయించుకుంటూ నెలలు గడపకండి, మీకు దండం పెడతాను.

తిత్తి 3 సెంటీమీటర్లున్నా, నాళం 5 నుంచి 9 మిల్లీమీటర్లున్నా, తిత్తి త్వరగా పెరుగుతున్నా, ఉన్నట్టుండి షుగర్ వచ్చినా ఎండోస్కోపీ అల్ట్రాసౌండ్, అంటే నోటి గుండా గొట్టం పంపి లోపలి నుంచి తీసే స్కాన్, చేయించి తేల్చుకోవాలి. సైజు ఒక్కటే చూసి కోయకూడదు. ఇలాంటి తిత్తుల మీద అంతర్జాతీయ డాక్టర్లు రాసిన, 2024లో వచ్చిన క్యోటో మార్గదర్శకాలు కూడా ఈ లక్షణాలన్నీ కలిపే చూడమంటున్నాయి.

మందు తాగి పాంక్రియాస్ వాచినవాళ్లకు వచ్చే నీటిసంచి వేరు. అది క్యాన్సర్ కాదు. గోడ గట్టిపడటానికే సుమారు నాలుగు వారాలు పడుతుంది, చాలావరకు దానంతటదే కరుగుతుంది. నొప్పి, జ్వరం, వాంతులు తగ్గకుంటే కడుపు కోయకుండా ఎండోస్కోపీతో జీర్ణాశయంలోకి దారి చేసి నీరు తీసేయొచ్చు. ఇంట్లో తాగే కొడుకులుంటే ఈ మాట చెప్పండి. మానకుంటే ఆ వాపు మళ్లీ వస్తది.

ఇంకొక్కటి. పాత ఫిల్ములు అటక మీద పడేసి పోగొట్టకండి. పోయినేటికీ ఈ ఏటికీ తిత్తి పెరిగిందా లేదా అన్నది పాతది పక్కన పెట్టి చూస్తేనే తెలుస్తది. ఎనభై దాటి గుండె బలహీనమైన పెద్దమనిషికి ఆపరేషన్ చేయలేమని తేలినప్పుడు ఏటేటా స్కాన్ తీయించి భయపెట్టడం కూడా దండగే. డాక్టరును ఆ మాట అడగండి, అడగడం తప్పు కాదు.

రిపోర్టులు తెచ్చినవాళ్లుంటే సభ అయ్యాక ఇక్కడే కూర్చుంటాను. కాగితంతో పాటు ఫిల్ము కూడా తీసుకురండి.