చెత్త బండి వారానికి ఎన్నిసార్లు రావాలో ఎవరు డిసైడ్ చేస్తారు?

హాయ్ అండి. చెత్త కలెక్షన్ మీద మున్సిపల్ కౌన్సిల్ మీటింగ్ పెడితే ఎవరూ వెళ్ళరు, అదే బండి రెండు రోజులు రాకపోతే మాత్రం ఆఫీసు ఫోన్లు మోగిపోతాయి. కానీ బండి ఎప్పుడు రావాలి, ఏం ఎత్తుకెళ్ళాలి, డబ్బులు ఎవరు కట్టాలి అనేది తేలిపోయేది ఆ ఖాళీ కుర్చీల మీటింగ్‌లోనే, ఒకసారి కాంట్రాక్ట్ మీద సంతకం పడిందంటే ఏళ్ళ తరబడి దాంతోనే సర్దుకోవాలి.

[స్క్రీన్ మీద: బండి రూట్ మ్యాప్]

డబ్బంతా డంపింగ్ యార్డ్‌కే పోతుందని చాలామంది అనుకుంటారు గానీ ఎక్కువ చోట్ల పెద్ద ఖర్చు బండి వీధి వీధి తిరగడమే. డ్రైవర్ జీతం, డీజిల్, రిపేర్లు... బిన్ సగమే నిండినా బండి ఆగాల్సిందే కదా. అందుకే బడ్జెట్ టైట్ అయితే ముందు కోత పడేది ట్రిప్పులకే, వారానికోసారి వచ్చే బండి రెండు వారాలకోసారి అవుతుంది. బ్రిటన్‌లోని వేల్స్‌లో కాన్వీ అనే కౌంటీ అయితే 2018లో మామూలు చెత్తని ఏకంగా నాలుగు వారాలకోసారి చేసేసింది. వింటేనే ముక్కు మూసుకోవాలనిపిస్తుంది, కానీ కిటుకేంటంటే ఫుడ్ వేస్ట్, రీసైక్లింగ్ మాత్రం ప్రతి వారం తీసుకెళ్తారు, కుళ్ళేది ఎప్పటికప్పుడు వెళ్ళిపోతే మిగతాది కొన్నాళ్ళున్నా అంత ఇబ్బంది ఉండదు (డైపర్లున్న ఇళ్ళకి విడిగా కలెక్షన్ పెట్టారులెండి). ఫుడ్ వేస్ట్ సంగతి చూడకుండా ఉత్తినే ట్రిప్పులు తగ్గించేస్తే మాత్రం దాన్ని నేను పొదుపు అనను, కంపుని మన గుమ్మం ముందు పెట్టి వెళ్ళిపోవడం అంటాను.

ఇక రీసైక్లింగ్. పేపరు, ప్లాస్టిక్, గాజు, డబ్బాలు అన్నీ ఒకే బిన్‌లో వేసే పద్ధతి జనానికి ఈజీ, కౌన్సిల్‌కీ ఈజీ, పక్క నుంచి మెషిన్ చెయ్యి చాపి బిన్ ఎత్తే బండి ఉంటే ఒక్క డ్రైవరుతో పని అయిపోతుంది. తలనొప్పి మొదలయ్యేది సార్టింగ్ ప్లాంట్‌లో. గాజు పగిలి పేపర్లో కలిసిపోతుంది, సగం తాగి పడేసిన సీసా కారి అట్టపెట్టెలన్నీ నాని పాడైపోతాయి. చాలా ఏళ్ళు ఇది ఎవరికీ పట్టలేదు, ఎందుకంటే ఈ సరుకుని చైనా కొనేది. 2018 మొదట్లో చైనా 24 రకాల వ్యర్థాల దిగుమతి ఆపేసి, మిగతావాటిలో కూడా పనికిరాని చెత్త 0.5 శాతం దాటకూడదని రూల్ పెట్టేసరికి రీసైక్లింగ్ సరుకు రేట్లు కుప్పకూలాయి. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక దశలో జనం శ్రద్ధగా వేరు చేసి పెట్టిన దాంట్లో దాదాపు సగం తగలబెట్టే ప్లాంట్‌కి పంపారు. కాబట్టి కౌన్సిల్ "రీసైక్లింగ్ పెడుతున్నాం" అంటే చప్పట్లు కొట్టే ముందు అడగాల్సింది ఒకటుంది, మార్కెట్ రేటు పడితే ఆ నష్టం కంపెనీదా మనదా అని. అది కాంట్రాక్ట్‌లో ఏదో ఒక పేరాలో రాసే ఉంటుంది.

[స్క్రీన్ మీద: ఇంటి పన్ను బిల్లు పక్కన చెత్త బిల్లు]

మరి డబ్బులు? అమెరికాలోనే శాన్ డియాగోలో 1919 నాటి ఆర్డినెన్స్ (అంటే ఆ ఊరి చట్టం) పుణ్యమా అని విడి ఇళ్ళవాళ్ళకి దశాబ్దాల పాటు చెత్త ఫీజే లేదు. ఫ్రీ అంటే ఫ్రీ ఏం కాదు, అందరి పన్నుల్లోంచి పోయేది, పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళు ఆ పన్నులూ కట్టి మళ్ళీ ప్రైవేట్ కంపెనీకీ కట్టుకునేవాళ్ళు. 2022లో ఓటింగ్ పెడితే కొద్ది తేడాతో ఆ రూల్ మారింది, 2025 నుంచి ఫీజు మొదలైంది, గొడవ కూడా బాగానే అయింది. దక్షిణ కొరియా దారి వేరు, 1995 నుంచి అక్కడ చెత్త వెయ్యాలంటే డబ్బిచ్చి ప్రత్యేకం సంచులు కొనుక్కోవాలి, ఎంత చెత్తకి అంత ఖర్చు, రీసైక్లింగ్‌కి మాత్రం సంచి అక్కర్లేదు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది, కాకపోతే పెద్ద కుటుంబాలకి, చేతిలో డబ్బాడని వాళ్ళకి తగ్గింపు ఉండాలి, లేకపోతే ఆ చెత్త రాత్రిపూట ఊరి బయట తేలుతుంది.

కొన్ని చోట్ల కౌన్సిల్ అసలు చెయ్యే పెట్టదు, ఎవరికి నచ్చిన కంపెనీని వాళ్ళు మాట్లాడుకుంటారు. ఛాయిస్ బాగానే ఉంటుంది గానీ ఒకే వీధిలోకి నాలుగు కంపెనీల బండ్లు నాలుగు రోజులు తిరుగుతాయి, రోడ్డు పాడైతే వేయించేది మళ్ళీ మనమే.

మీ దగ్గర కాంట్రాక్ట్ గడువు ఎప్పుడు అయిపోతుందో కనుక్కోండి. కొత్త టెండరు కాగితాలు దానికి చాలా ముందే తయారవుతాయి, బండి రాని రోజుకి ఫైన్ ఎంత, ఏటా రేటు ఎంతవరకు పెంచుకోవచ్చు లాంటివి మార్పించాలంటే వెళ్ళాల్సింది ఆ టైములోనే, సంతకాలయ్యాక వెళ్తే మన మాట రాసుకుంటారు అంతే.