అయిదేళ్ల పిల్లలకి మొదటి డాన్స్ బ్యాలేగా భామాకలాపం ఎలా ఉంటుంది? | రివ్యూ

అందరికీ నమస్కారమండి. ఈసారి సినిమా రివ్యూ కాదు. మా అయిదేళ్ల పాపని కోనసీమ నుంచి రాజమండ్రి తీసుకెళ్లి కూచిపూడి భామాకలాపం చూపించాం. కృష్ణుడు అలిగి వెళ్లిపోతే సత్యభామ పడే బాధని ఆటా పాటా మాటలతో చెప్పే నాట్యమండి అది. స్టేజీ మీద నాట్యం చూడటం పాపకి అదే మొదలు. నా మాట ముందే చెప్పేస్తాను: చిన్నపిల్లలకి మొదటగా చూపించడానికి ఇంతకంటే మంచి ప్రదర్శన నాకు తెలియదు. కాకపోతే కొన్ని ఇబ్బందులున్నాయి, అవీ చెబుతాను.

అన్నిటికంటే ముందు తెర గురించి చెప్పాలి. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని నిలబడే గుడ్డ అది. దాని వెనకాల సత్యభామ. మొహం కనపడదు. తెర కింద పారాణి పెట్టిన పాదాలు, గజ్జెలు మాత్రమే కనపడతాయి. మృదంగం మీద దెబ్బ పడగానే ఆ పాదాలు కదిలాయి. మా పాప కుర్చీలోంచి దిగిపోయి, మెడ వంచి, తెర కిందనుంచి ఆవిడ మొహం కనపడుతుందేమో అని చూస్తోంది! అంతలో తెర మీదుగా జడ ఇవతలికొచ్చి పడింది. ఇంత పొడుగు జడ, నిండా బిళ్ళలు, చివర కుచ్చులు. "అమ్మా జడొచ్చింది, మరి ఆవిడేదీ?" అని గట్టిగా అడిగేసింది. చూశారా, కథ ఏమీ తెలియకపోయినా, ఆ జడ పడిన తీరుతోనే సత్యభామ ఎంత గర్వం మనిషో పిల్లలకి తెలిసిపోతుంది.

ఇంకో పెద్ద సౌకర్యం, ఇందులో పాత్రలు మాట్లాడతాయి. విదేశాల్లో చాలామంది పిల్లలకి క్రిస్మస్ రోజుల్లో మొదటగా చూపించే బ్యాలే నట్‌క్రాకర్. చైకోవ్‌స్కీ సంగీతంతో 1892లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో మొదటిసారి ఆడారు. చాలా అందంగా ఉంటుంది, కానీ అక్కడ ఎవరూ నోరు విప్పరు. కథంతా సంగీతంలోనూ, అడుగుల్లోనూ, సైగల్లోనూ పట్టుకోవాలి. మన కూచిపూడిలో సత్యభామ ఆడుతుంది, అభినయిస్తుంది, మధ్యలో ఆగి మామూలుగా మాట్లాడుతుంది కూడా. చిన్నపిల్లలకి కథ తెగిపోకుండా పట్టి ఉంచేది ఆ మాటలేనండి.

అందులో మొగుడి పేరు అడిగే ఘట్టం ఒకటుంది. కృష్ణుడు అలిగి వెళ్లిపోయాడు, ఆయన్ని తీసుకురావాలి. సరే, నీ భర్త పేరేమిటో చెప్పు అంటుంది చెలికత్తె మాధవి. సత్యభామకేమో పేరు చెప్పడానికి సిగ్గు. చెప్పబోతుంది, ఆగిపోతుంది, మొహం తిప్పేసుకుంటుంది. మా పాప ఉండబట్టలేక "కృష్ణుడూ! కృష్ణుడూ!" అని అరిచేసింది. నాకు గుండె ఆగినంత పనైంది. మాధవి వేసినాయన మా వైపు తిరిగి, "నువ్వు చెప్పకమ్మా, ఆవిడే చెప్పాలి" అన్నారు. హాలంతా నవ్వులు. ఆ తర్వాత పాపని నేను కూర్చోబెట్టాల్సిన పని రాలేదు, ఆ నాటకం తనదైపోయింది. జనంతో ఇలా మాట కలపడం ఈ కళలో ఎప్పటినుంచో ఉన్నదే. సత్యభామ కృష్ణుడికి రాసిన ఉత్తరం పట్టుకెళ్లడానికి మాధవి ముక్కుబేసరి అడిగినప్పుడు కూడా పిల్లలందరూ భలే నవ్వారు.

కష్టమైన భాగం విరహం. కృష్ణుడి కోసం సత్యభామ బాధపడే పాటలు నెమ్మదిగా, పొడుగ్గా సాగుతాయి. ఆ రోజు సత్యభామ వేసినావిడ కళ్లతోనే ఏడిపించారు, నా మటుకు నాకు ప్రదర్శన మొత్తంలో గొప్ప ఘట్టం అదే. పాప మాత్రం అక్కడ నలిగింది. బయటికి తీసుకెళ్లి, మంచినీళ్లు తాగించి, మళ్లీ వచ్చాం. అలా వెళ్లడం తప్పేం కాదండి, అంచున ఉన్న కుర్చీలు చూసుకుంటే ఎవరికీ అడ్డం ఉండదు. ఇంకో సంగతి, కృష్ణుడు బాగా ఆలస్యంగా వస్తాడు. ఇంటి దగ్గరే చెప్పి తీసుకెళ్లండి, లేకపోతే మొదటినుంచీ "కృష్ణుడెప్పుడొస్తాడు" అనే అడుగుతారు.

నాకు నిజంగా కోపం తెప్పించింది ఒక్కటే. ఆహ్వానం కార్డు మీద ఆరున్నరకి అని వేశారు. జ్యోతి ప్రజ్వలన, ఉపన్యాసాలు, శాలువాలు, మెమెంటోలు అయ్యేసరికి చాలాసేపు పట్టింది. పెద్దల్ని గౌరవించొద్దని కాదు. ఆ సన్మానాలేవో చివర్లో పెట్టుకుంటే పిల్లలు ఓపిక ఉన్నప్పుడే నాట్యం చూస్తారు కదా. స్పీకర్ల సౌండ్ కూడా ఎక్కువే, వాటి పక్కన కూర్చోకండి. మరీ మొదటి వరుస కూడా వద్దు, స్టేజీ ఎత్తుగా ఉంటే పిల్లలకి పాదాలు కనపడవు. నాలుగైదు వరసలు వెనక్కి కూర్చుంటే మంచిది.

ఈ కలాపం సిద్ధేంద్ర యోగి రాశారని చెబుతారు. కూచిపూడి భాగవతుల్లో, అంటే ఈ ఆటలు ఆడే కళాకారుల్లో, ఆడ వేషాలు మగవాళ్లే కట్టేవారు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా ఎంత పేరు తెచ్చుకున్నారో పెద్దవాళ్లని అడగండి. మన గోదావరి వైపు ముమ్మిడివరం లాంటి ఊళ్లలో ఆటపాటలే వృత్తిగా ఉన్న కళావంతుల కుటుంబాల స్త్రీలు మేళాలు (బృందాలు) కట్టి సత్యభామ వేషం ఆడారు. ఇది మన నేల మీద బతికిన కథ. పిల్లలకి ఆ సంగతి కూడా చెప్పండి. దివిటీల మీద గుగ్గిలం చల్లితే మంట భగ్గుమని లేచేదట, ఆ వెలుగులో పాత్ర ప్రవేశించేదట. రాత్రంతా ఆడేవారు. ఇప్పుడు రెండు గంటల లోపే అయిపోతోంది, పిల్లలకి అది మేలే.

తీసుకెళ్లే ముందు కథ ఒకటి రెండు సార్లు చెప్పండి, చాలు. అక్కడ కూర్చుని చెవిలో ప్రతి మాటకీ అర్థం చెప్పకండి. పెరుగన్నం తినిపించి బయల్దేరండి. అయిదేళ్లు నిండని పిల్లలైతే ఇంకొన్నాళ్లు ఆగండి.

మా పాపకి ఈసారి తరంగం చూపిద్దామనుకుంటున్నాను, ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి ఆడతారు కదా, అది. మీరు వెళ్లే ముందు మాత్రం నిర్వాహకులకి ఫోన్ చేసి రెండు సంగతులు కనుక్కోండి: పాట, మృదంగం లైవేనా, రికార్డింగా? కార్డు మీద వేసిన టైమ్ సభకా, నాట్యానికా? రికార్డింగ్ అంటే మొదటిసారికి వద్దండి, లైవ్ ఉన్న రోజు చూసుకుని వెళ్లండి.